ప్రీపెయిడ్ రీఛార్జి మీద 112 కోసం రుసుము వేయవచ్చా? బెంగళూరు తెలుగువారు చెప్పండి

వైట్‌ఫీల్డ్ వాసి – శనివారం, ఉదయం 8:40

మా పెదనాన్న, పెద్దమ్మ ఈ మధ్య డాలస్ వెళ్లారు. అక్కడున్న మా అన్నయ్య వాళ్లకు దుకాణంలో ప్రీపెయిడ్ కార్డు కొనిచ్చి, రసీదు ఫొటో పంపాడు. మామూలు అమ్మకం పన్ను కాక అందులో విడిగా ఇంకో పద్దు ఉంది: 911 (అక్కడి అత్యవసర ఫోను నంబరు) రుసుము, 2 శాతం. అడిగితే చెప్పాడు. టెక్సస్‌లో నెల బిల్లు వచ్చే సెల్‌ఫోను మీద నెలకు 50 సెంట్లు తీసుకుంటారట. ప్రీపెయిడ్‌కు బిల్లే రాదు కాబట్టి కొనేటప్పుడే ధరలో 2 శాతం పట్టుకుంటారట. 2010 జూన్ నుంచి ఇదే పద్ధతి.

మన దగ్గర అత్యవసర నంబరు 112కు గానీ అంబులెన్సు నంబరు 108కి గానీ ఇలాంటి ప్రత్యేక రుసుము లేదు. మన సెల్ కనెక్షన్లలో నూటికి తొంభైకి పైగా ప్రీపెయిడే. కనెక్షన్‌కు నెలకు ఒక్క రూపాయి తీసుకున్నా, వంద కోట్లకు పైగా కనెక్షన్లు ఉన్నాయి కాబట్టి ఏడాదికి 1200 కోట్లు దాటుతుంది. 112 వ్యవస్థను దేశమంతటా నెలకొల్పడానికి, మహిళల భద్రత కోసం కేంద్రం పెట్టిన నిర్భయ నిధి నుంచి మంజూరైన మొత్తం 321.69 కోట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫోను ఎత్తే వ్యవస్థకు రూపాయి ఇవ్వలేమా?

రాజకీయాలు తేకుండా అభిప్రాయం చెప్పండి.

చిక్కపేట – శనివారం, 9:15

పన్ను గురించి అడిగి రాజకీయాలు వద్దంటున్నారు, బాగుంది.

మాది మూడు తరాలుగా ఈ ఊరే. మీలో సొంత ఇల్లు ఉన్నవారు ఆస్తి పన్ను రసీదు ఒకసారి బయటికి తీయండి. పన్ను మీద సెస్‌లు, అంటే ఒక్కో పని పేరు చెప్పి వేసే అదనపు పన్నులు ఉంటాయి: ఆరోగ్య సెస్ 15 శాతం, గ్రంథాలయ సెస్ 6 శాతం, భిక్షాటన నిరోధక సెస్ 3 శాతం కనిపిస్తాయి. గ్రంథాలయ సెస్ పేరిట నగర పాలికె వసూలు చేసిన సొమ్ము గ్రంథాలయ శాఖకు చేరక వందల కోట్లు బకాయి పడిందని కన్నడ పత్రికలు ఎన్నిసార్లు రాశాయో లెక్కలేదు. మా వీధి చివరి గ్రంథాలయంలో పంకా తిరగదు. అయినా 6 శాతం మాత్రం ఏటా ఠంచనుగా కడుతున్నాను.

కాబట్టి "రూపాయి ఇవ్వలేమా" అని మమ్మల్ని అడగకండి. ఇచ్చిన రూపాయి ఎవరి పెట్టెలో పడుతుందో ముందు అది చెప్పండి.

కడప సిమ్ – శనివారం, 9:22

ఇప్పటికే 18 శాతం జీఎస్టీ కడుతున్నాం కదా. మళ్లీ 112కు వేరే ఎందుకు? అగ్నిమాపక శకటం వస్తే మీటరు వేస్తారా?

పద్దుల పుస్తకం – శనివారం, 10:05

కడప తమ్ముడి ప్రశ్న సరైనదే. ఒక లెక్క చూపిస్తాను. వృత్తిరీత్యా నా పని ఇదే.

299 రూపాయల రీఛార్జి చేశారనుకోండి. అందులో అసలు సేవ ధర 253 రూపాయల 39 పైసలు, జీఎస్టీ 45 రూపాయల 61 పైసలు. ఆ పన్నులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. అంటే రీఛార్జి చేసిన ప్రతిసారీ దాదాపు 22 రూపాయల 80 పైసలు ఒక రాష్ట్ర ఖజానాకు ఇప్పటికే వెళ్తున్నాయి. పోలీసు, ప్రజారోగ్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోవే. ఫోను ఎత్తేదీ బండి పంపేదీ రాష్ట్రమే, ఫోను మీద పన్నులో వాటా అందుకుంటున్నదీ రాష్ట్రమే. మధ్యలో కొత్త రుసుము ఏ లోటు పూడ్చడానికన్నది అడిగినవారే చెప్పాలి.

"ఒక రాష్ట్ర ఖజానాకు" అన్నాను గమనించండి. ఏ రాష్ట్రం అన్నది వేరే కథ. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

రీఛార్జి అంగడి – శనివారం, 11:30

నేను కె.ఆర్. పురంలో చిన్న మొబైల్ దుకాణం నడుపుతున్నాను. ఊరు మదనపల్లె దగ్గర. పై లెక్కలు బాగున్నాయి. అయితే ప్రీపెయిడ్ అన్నది మీరంతా యాప్‌లోనే చూస్తారు, నేను బల్లకు ఇవతల నుంచి చూస్తాను.

నా దగ్గరకు వచ్చేది ఎక్కువగా కట్టడాల దగ్గర పనిచేసే మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, కాపలాదారులు. అనంతపురం, రాయచోటి, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు చాలామంది. శనివారం కూలి అందాక సాయంత్రం గుంపుగా వస్తారు. కీప్యాడ్ ఫోను ఇచ్చి, పది రూపాయల నోటు పెట్టి "టాప్అప్ వెయ్యన్నా" అంటారు. పదికి ఫోనులో పడేది 7 రూపాయల 47 పైసలు. 1.53 పన్నుకు, రూపాయి కంపెనీ ఛార్జీకి పోతుంది. మిగతా రెండున్నర నేనే మింగానని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రోజూ ఈ పంచాయతీ పడలేక అట్ట ముక్క మీద "10 = 7.47, ప్రభుత్వం + కంపెనీ" అని తెలుగులో, కన్నడలో రాసి వేలాడదీశాను. చదువు రానివాళ్లకు వేలితో చూపిస్తాను.

ఇప్పుడు రీఛార్జికి ఒక రూపాయి అంటే ఏమవుతుందో చూడండి. మీరు ఏడాదికి ఒకేసారి మూడు వేలకు పైగా కట్టి వదిలేస్తారు, మీకు ఒక్క రూపాయి. 28 రోజుల ప్లాను వేయించుకునే మేస్త్రీకి ఏడాదికి పదమూడు రూపాయలు. పదేసి టాప్అప్ చేయించుకునే ముసలమ్మకు ప్రతి పదికీ రూపాయి. తక్కువ ఉన్నవాడే ఎక్కువసార్లు కట్టాలి. ఇది ఏ ఊరి న్యాయం?

వైట్‌ఫీల్డ్ వాసి – శనివారం, 11:52

అంగడి అన్నా, నేను నెలకు రూపాయి అన్నాను, రీఛార్జికి రూపాయి అనలేదు. సరే, శాతం పెట్టమనండి. టెక్సస్‌లో లాగా 2 శాతం. అప్పుడు పదికి ఇరవై పైసలే.

డాలస్ రిటర్న్ – శనివారం, మధ్యాహ్నం 1:10

అక్కడ పదకొండేళ్లు ఉండి వచ్చి ఇప్పుడు బెల్లందూరులో ఉంటున్నాను. టెక్సస్ పద్ధతి ఒక్కటే చూసి అమెరికా అంతా అలాగే ఉంటుందని అనుకోకండి. అక్కడ ప్రీపెయిడ్ రుసుము పెద్ద తగువు.

911 మొదటి ఫోను 1968 ఫిబ్రవరిలో అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మోగింది. ఆ తర్వాత చాలాకాలం ఇంటి ఫోను బిల్లులో కొన్ని సెంట్లు కలిపి ఈ సేవకు డబ్బు సమకూర్చారు. సెల్‌ఫోన్లు వచ్చాక వాటి బిల్లులోనూ కలిపారు. ప్రీపెయిడ్ వచ్చేసరికి ఇబ్బంది మొదలైంది. బిల్లు లేదు, చిరునామా లేదు, కార్డు కొన్నది ఎవరో కంపెనీకే తెలియదు. నెలకింత అన్న చట్టం మాకు వర్తించదని ట్రాక్‌ఫోన్ లాంటి ప్రీపెయిడ్ కంపెనీలు కోర్టులకెక్కాయి. వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2010లో ఆ వాదన ఒప్పుకోలేదు. అయినా రాష్ట్రానికో కేసు నడిపే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే చాలా రాష్ట్రాలు కంపెనీని వదిలి గల్లాపెట్టె దగ్గరకు వచ్చాయి. కార్డు అమ్మిన దుకాణమే అమ్మకం పన్నుతో పాటు 911 రుసుము పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి.

అక్కడితో అయిపోలేదు. కాలిఫోర్నియా 2016 నుంచి ఇలా వసూలు చేస్తే ఒక కంపెనీ సవాలు చేసింది. 2018లో ఫెడరల్ జిల్లా కోర్టు ఆ చట్టం చెల్లదంది, 2020లో పై కోర్టు ఆ తీర్పును తిరగేసింది. అప్పటికి ఆ చట్టం గడువే ముగిసిపోయింది. షికాగోలో ప్రీపెయిడ్ మీద ఈ రుసుము 9 శాతానికి చేరింది. విస్కాన్సిన్‌లో నెల బిల్లు ఫోనుకు 75 సెంట్లు అయితే ప్రీపెయిడ్‌కు కొన్న ప్రతిసారీ 38 సెంట్లు. అంగడి గారు చెప్పిన బాధ అక్కడా ఉంది. అదీ కాక విస్కాన్సిన్‌లో ఆ రుసుము పేరు పోలీసు, అగ్నిమాపక రక్షణ రుసుము. పేరు చూస్తే నేరుగా వాళ్లకే వెళ్తుందని అనిపిస్తుంది. వెళ్లేది స్థానిక సంస్థలకు రాష్ట్రం ఇచ్చే మామూలు సాయం పద్దులోకి.

చిక్కపేట – శనివారం, 1:25

మా గ్రంథాలయ సెస్‌కు అమెరికాలో చుట్టాలున్నారన్నమాట.

డాలస్ రిటర్న్ – శనివారం, 1:40

చాలామంది చుట్టాలు, పెద్దాయన గారూ. 2008లో అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఏ రాష్ట్రం 911 పేరిట ఎంత వసూలు చేసి ఎక్కడ ఖర్చు పెట్టిందో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఏటా నివేదిక ఇవ్వాలి. న్యూయార్క్, న్యూజెర్సీ, రోడ్ ఐలండ్ ఆ సొమ్మును వేరే ఖర్చులకు మళ్లించాయని ఆ నివేదికలు ఏళ్ల తరబడి రాస్తూ వచ్చాయి. అలా మళ్లించిన రాష్ట్రాలకు 911 కోసం ఇచ్చే ఫెడరల్ గ్రాంట్లు రావు. ఆ బెదిరింపుకు కూడా అందరూ లొంగలేదు.

నాకు నచ్చింది మాత్రం ఆ నివేదికే. మన దగ్గర అదైనా ఉంటే చిక్కపేట గారు పత్రికల మీద ఆధారపడే పని ఉండేది కాదు.

పాత 108 – శనివారం, సాయంత్రం 4:20

ఇంతసేపూ అందరూ వసూలు గురించే మాట్లాడారు. ఆ డబ్బు దేనికి కావాలో ఒక్కరూ అడగలేదు. నేను కొన్నేళ్ల క్రితం అంబులెన్సు కాల్ సెంటర్లో ఫోన్లు ఎత్తే పని చేశాను. ఏ ఊరో, ఏ సంస్థో చెప్పను.

ఫోను ఎత్తగానే మొదట అడిగేది "ఎక్కడ?" అని. ఏమైంది అన్నది తర్వాత. అవతలి మనిషి అరుస్తుంటాడు. "ఫ్లైఓవరు కింద సార్, బిరియానీ హోటల్ ఎదురుగా." ఔటర్ రింగ్ రోడ్డు మీద అలాంటి చోట్లు ఎన్ని? ఊరికి కొత్తగా వచ్చిన కూలీ అయితే ఫ్లైఓవరు పేరే తెలియదు. మా సీనియరు ఒకామె నేర్పిన కిటుకు: దగ్గర్లో మెట్రో స్తంభం ఉందా, దాని మీద అంకె చదవమనండి. పిల్లరు నంబరు చెప్పగానే పని సగం అయినట్టే. చదువు రానివాడైతే, పక్కన వెళ్తున్న ఎవరికైనా ఫోను ఇవ్వమనాలి. ఈ మాటంతా నడుస్తుండగానే రెండో చేత్తో టైపు చేయాలి, దగ్గర్లోని బండిని వెతికే మనిషికి దాన్ని అందించాలి. మధ్యలో తుంటరి ఫోన్లు, జేబులో నొక్కుకుపోయిన ఫోన్లు, పిల్లలు ఆడుకుంటూ చేసినవి. ఒక్కదాన్ని కూడా విసుక్కుని పెట్టేయడానికి లేదు.

ఈ పనికి కావాల్సింది ఏమిటి? మనుషులు. వాళ్లకు సమయానికి జీతం, ఆరు నెలలకోసారి శిక్షణ, రాత్రి షిఫ్టు ముగిశాక ఇంటికి చేర్చే బండి. తెలుగు, తమిళం, హిందీ వచ్చినవాళ్లు ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. నిధి అనగానే అందరూ యంత్రాలు కొంటారు. 2022 సెప్టెంబరులో కర్ణాటకలో 108 కేంద్రం సాంకేతిక లోపంతో గంటల తరబడి ఆగిపోయింది గుర్తుందా? ఆ రోజు ఉన్న మనుషులే కాగితం, పెన్ను పట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చి ఉంటారని నా అనుభవం చెబుతోంది.

నాగవార – శనివారం, 5:05

యంత్రాల మాట నూటికి నూరుపాళ్లు నిజం. నిర్భయ నిధి 2013-14 బడ్జెట్‌లో 1000 కోట్లతో మొదలైంది. బెంగళూరు సేఫ్ సిటీ పథకానికి 667 కోట్లు మంజూరయ్యాయి, కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40. వేల కెమెరాలు వచ్చాయి. రోడ్డు పక్కన అత్యవసర మీట ఉన్న స్తంభాలు వచ్చాయి. మంచిదే, నాకేమీ అభ్యంతరం లేదు. రాత్రి పదకొండుకు క్యాబు దారి తప్పితే నాకు కావాల్సింది మీట నొక్కాక అవతల పలికే గొంతు. దానికి రిబ్బను కత్తిరించరు కాబట్టి దాని మీద ఎవరికీ ఆసక్తి లేదు.

2017 జనవరి నుంచి అమ్మే ప్రతి ఫోనుకూ అత్యవసర మీట ఉండాలన్నారు. కీప్యాడ్ ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే 112కు పోవాలి. అంగడి గారూ, మీ దగ్గర ఫోను కొన్న ఆడవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి చెప్పారు?

రీఛార్జి అంగడి – శనివారం, రాత్రి 9:40

అమ్మా, నాకే ఇప్పుడు తెలిసింది. రేపటి నుంచి చెబుతాను.

వైట్‌ఫీల్డ్ వాసి – శనివారం, 10:15

పాత 108 గారు చెప్పినవన్నీ నా వాదనకే బలం. కెమెరాలు ఒకసారి కొంటే అయిపోతుంది, జీతం ప్రతి నెలా కావాలి. ప్రతి నెలా వచ్చే ఆదాయం రీఛార్జి కాకపోతే ఇంకేమిటి? బడ్జెట్ మీద ఆధారపడితే ఒక ఏడు ఇస్తారు, మరో ఏడు కోస్తారు.

ఒక్కటి గుర్తు చేస్తాను. 108 పుట్టింది మన హైదరాబాదులో, 2005 ఆగస్టు 15న. వైఎస్ గారు సభల్లో "కుయ్ కుయ్ కుయ్" అంటూ చెప్పేవారు, పల్లెల్లో చిన్నపిల్లలు కూడా అనుకరించేవారు. సత్యం రామలింగరాజు స్థాపించిన సంస్థ అది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడగానే 108 ఉంటుందా పోతుందా అని జనం కంగారు పడ్డారు. ఆ ఏడాదే జీవీకే చేతికి వెళ్లి నిలబడింది. ప్రాణాలు కాపాడే సేవ ఒక మనిషి పరువు మీదో, ఒక మంత్రి ఇష్టం మీదో వేలాడకూడదనే నేను స్థిరమైన ఆదాయం అడుగుతున్నది.

కోరమంగల లాయరు – ఆదివారం, ఉదయం 7:50

ఆలస్యంగా వచ్చాను. ఒక్క ముక్కలో: మీరు అడుగుతున్నది బెంగళూరు విధానసౌధ ఇవ్వగలిగింది కాదు.

టెలిఫోన్లు కేంద్ర జాబితాలో 31వ అంశం. రీఛార్జి మీద కర్ణాటక సొంతంగా రుసుము వేస్తే కంపెనీలు వారం తిరగకుండా హైకోర్టులో ఉంటాయి. కాబట్టి వేసేది కేంద్రమే. కేంద్రం సెస్ రూపంలో వేస్తే అది రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లోకి రాదు, 270వ అధికరణం దాన్ని పక్కన పెట్టింది. మామూలు కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం వాటా ఇమ్మని పదిహేనో ఆర్థిక సంఘం చెప్పింది, సెస్‌లో అలాంటి హక్కు సున్నా. పోలీసును, అంబులెన్సును నడిపే రాష్ట్రం ఢిల్లీ గుమ్మం ముందు చేయి చాపాలి.

ఇక ఆ సెస్ దేనికి వేశారో దానికే పోతుందన్న నమ్మకం సంగతి. 2018-19లో కేంద్రానికి 35 సెస్‌లు, లెవీల ద్వారా దాదాపు 2.74 లక్షల కోట్లు వస్తే, వాటికోసం ఉద్దేశించిన నిధులకు చేరింది 1.64 లక్షల కోట్లేనని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది. ఫోను విషయంలో దగ్గరి ఉదాహరణే ఉంది. 2002 ఏప్రిల్ నుంచి టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం గ్రామీణ ఫోన్ల కోసమని సార్వత్రిక సేవా నిధికి వసూలు చేస్తున్నారు. అది మన రీఛార్జి ధరలో ఉన్నదే. అందులో ఖర్చు కాకుండా పేరుకుపోయింది వేల కోట్లు. 2023 టెలికాం చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని కొత్త పేరు పెట్టింది.

మీ ఫోను మీద స్వచ్ఛ భారత్ సెస్, కృషి కల్యాణ్ సెస్ అర శాతం చొప్పున కట్టిన రోజులు మరచిపోయినట్టున్నారు. 14 శాతం సేవా పన్ను 15 అయింది వాటివల్లే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక వాటి పేర్లు పోయాయి, మొత్తం పన్ను మాత్రం 18 అయింది.

కడప సిమ్ – ఆదివారం, 8:30

లాయరు గారూ, ఇంగ్లండులో ఎలా చేస్తారు? అక్కడ రీఛార్జిలో 999 రుసుము చూసిన గుర్తు లేదు.

డాలస్ రిటర్న్ – ఆదివారం, 9:00

నాకు తెలిసినంత చెబుతాను. 999 లండన్‌లో 1937లో మొదలైంది. అక్కడ ఫోను ఎత్తి పోలీసుకో అంబులెన్సుకో కలిపే పని బీటీ చేస్తుంది. ఆ ఖర్చు టెలికాం కంపెనీలు భరిస్తాయి. పోలీసు, అంబులెన్సు మాత్రం మామూలు పన్నుల సొమ్ముతో నడుస్తాయి. కొన్నవాడి రసీదులో విడిగా ఏమీ కనబడదు.

పద్దుల పుస్తకం – ఆదివారం, 10:40

నిన్న వాయిదా వేసిన కథ ఇప్పుడు చెబుతాను. లాయరు గారి మాటలకు ఇది కొనసాగింపే.

రీఛార్జి మీద రాష్ట్ర వాటా ఏ రాష్ట్రానికి? రాష్ట్రాల మధ్య జీఎస్టీ లెక్కలు చూసే 2017 నాటి ఐజీఎస్టీ చట్టం 12వ సెక్షన్‌లో ప్రీపెయిడ్‌కు ప్రత్యేకంగా నియమం ఉంది. దుకాణంలో చేయిస్తే ఆ అమ్మకందారు ఉన్న చోటు లెక్క. యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో చేస్తే కంపెనీ రికార్డులో మీ సిమ్ చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి.

కడప తమ్ముడూ, నీ సిమ్ కడప చిరునామా మీద ఉంది, ఉంటున్నది ఇక్కడ, రీఛార్జి యాప్‌లో. నీ 22 రూపాయల 80 పైసలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్తున్నాయి. రేపు మారతహళ్లిలో బండి మీద నుంచి పడి 112 నొక్కితే ఎత్తేది కర్ణాటక కేంద్రం, ఎందుకంటే ఫోను టవరును బట్టి వెళ్తుంది గానీ సిమ్‌ను బట్టి కాదు. వచ్చే హొయ్సళ పోలీసు బండికి డీజిలు పోసేది కర్ణాటక.

అదే అంగడి గారి దుకాణంలో పది రూపాయలు వేయించుకున్న మేస్త్రీ, తన సిమ్ రాయచోటిదైనా సరే, కర్ణాటకకు పన్ను కడుతున్నాడు. ఈ ఊరి అత్యవసర సేవకు చేయూతనిస్తున్నవాడు కీప్యాడ్ ఫోనువాడే. ఆంధ్రా సిమ్ పెట్టుకుని లక్షల జీతం తీసుకునే సాఫ్ట్‌వేర్ వాళ్లం కాదు.

టెక్సస్ పద్ధతిని తెచ్చి ఇదే జీఎస్టీ నియమం మీద అతికిస్తే, బెంగళూరు లాంటి వలసల ఊరికి సగం డబ్బు రాదు. ఫోన్లు మాత్రం అన్నీ వస్తాయి.

కడప సిమ్ – ఆదివారం, 10:55

సిమ్ మార్చుకోమంటారా? నా బ్యాంకు, ఆధార్, అమ్మ ఫోనులో ఉన్న నంబరు, అన్నీ దీని మీదే.

పద్దుల పుస్తకం – ఆదివారం, 11:02

వద్దు. నంబరు మారిస్తే ఓటీపీల కోసం ఏడాది తిరుగుతావు. చిరునామా కర్ణాటకకు మార్చినా టెలికాం సర్కిల్ తంటా ఉంటుంది. తప్పు నీది కాదు, నియమానిది.

పాత 108 – ఆదివారం, 11:45

ఇది వినగానే నాకు తట్టింది సరిహద్దు. హైదరాబాదు రోడ్డు మీద బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ప్రమాదం జరిగితే ఫోను ఏ రాష్ట్రం టవరు పట్టుకుంటే అక్కడికి పోతుంది. ఎత్తినవారు అవతలి రాష్ట్రం బండిని పిలవాలా, సొంత బండినే పంపాలా అన్నది ఆ షిఫ్టులో ఉన్న మనిషి చొరవ మీద ఉంటుంది. అక్కడ లెక్కలు చూసుకుంటూ కూర్చుంటే రోగి మిగలడు. డబ్బు పంచే పద్ధతి కూడా అలాంటి చోటికి పనికొచ్చేలా ఉండాలి.

నాగవార – ఆదివారం, మధ్యాహ్నం 12:20

అయితే కేంద్రం వసూలు చేసి, ఏ రాష్ట్రం 112 కేంద్రానికి ఎన్ని ఫోన్లు వచ్చాయో చూసి ఆ నిష్పత్తిలో పంచవచ్చు కదా? టవరు ఏదో కంపెనీలకు తెలుసు.

పాత 108 – ఆదివారం, 12:35

వచ్చిన ఫోన్లు లెక్కపెడితే తుంటరి ఫోన్లకు కూడా డబ్బు వస్తుందమ్మా. ఎవరూ వాటిని అరికట్టరు, పైగా సంతోషిస్తారు. బండి పంపిన ఫోన్లు లెక్కపెట్టాలి. బండి ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది అన్నది యంత్రంలో ఎటూ నమోదవుతుంది.

కోరమంగల లాయరు – ఆదివారం, 12:50

దానికి సెస్ అక్కర్లేదు. ఇప్పటికే వసూలై పడి ఉన్న టెలికాం నిధి నుంచి ఇవ్వవచ్చు. చట్టంలో నిధి ఉద్దేశాలను కాస్త విస్తరిస్తే చాలు. కొత్తగా ఎవరి జేబులోనూ చేయి పెట్టనక్కర్లేదు.

రీఛార్జి అంగడి – ఆదివారం, 2:15

అమెరికాలో దుకాణమే వసూలు చేస్తుందన్నారు. దుకాణానికి ఏమైనా ఇస్తారా?

డాలస్ రిటర్న్ – ఆదివారం, 2:30

టెక్సస్‌లో వసూలు చేసిన రుసుములో 2 శాతం దుకాణం ఉంచుకోవచ్చు.

రీఛార్జి అంగడి – ఆదివారం, 2:41

299 మీద 2 శాతం అంటే ఆరు రూపాయలు. అందులో 2 శాతం అంటే నాకు పన్నెండు పైసలు. దానికోసం వెయ్యి మందికి 112 రుసుము అంటే ఏమిటో రెండు భాషల్లో చెప్పాలి. ఆ పన్నెండు పైసలు కూడా మీరే ఉంచుకోండి, నన్ను వదిలేయండి. కావాలంటే 5 నొక్కి పట్టుకునే సంగతి ఉచితంగా చెబుతాను. నిన్న రాత్రి నుంచి ఇద్దరికి చెప్పాను కూడా. ఒకామె అక్కడే నొక్కి చూడబోతే ఆపాను.

వైట్‌ఫీల్డ్ వాసి – ఆదివారం, సాయంత్రం 6:10

సరే. రాష్ట్ర హోం శాఖకు, టెలికాం శాఖకు ఒక లేఖ రాద్దామని ఉంది. అడగదలచినవి: టెలికాం నిధి నుంచి 112 కేంద్రాల సిబ్బంది జీతాలకు వాటా. ఆ వాటా బండి పంపిన ఫోన్ల లెక్కన, సిమ్ చిరునామాతో సంబంధం లేకుండా. ప్రతి ఏడూ ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అన్న నివేదిక అందరూ చదివేలా ప్రచురించాలి. ప్రతి షిఫ్టులో కన్నడతో పాటు తెలుగు, తమిళం, హిందీ వచ్చినవారు ఉండాలి. ముసాయిదా ఈ వారంలో ఇక్కడే పెడతాను. కన్నడలో రాయగలిగినవారు ఎవరైనా సాయం చేయండి.

చిక్కపేట – ఆదివారం, 6:45

కన్నడ నేను రాస్తాను. ఒక షరతు. లేఖలో సెస్ అన్న మాట ఒక్కచోట కూడా ఉండకూడదు, వద్దు అని చెప్పడానికి సైతం. ఆ మాట కంటబడితే మిగతాదంతా వదిలేసి అదొక్కటే అమలు చేస్తారు.